ఇంట్లోనే తాగుతున్నాడు కదా, ఇంకేంటి అంటున్నారు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు గానీ, ఉండే కాలనీ గానీ వేయొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 38 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు 43, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. ఇద్దరు పిల్లలు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. 2020కి ముందు ఆయన నెలకు రెండుసార్లు, శుక్రవారం రాత్రిళ్లు, ఆఫీసు స్నేహితులతో బయట తాగేవారు. ఇంట్లో అమ్మ ఉందని సీసా ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. లాక్‌డౌన్‌లో షాపులు మూసేసిన నెలన్నరా అసలు తాగలేదు, దానికోసం తహతహలాడిందీ లేదు. 2020 మే 6న తెలంగాణలో వైన్ షాపులు తెరిచారు. మళ్లీ ఎప్పుడు మూస్తారోనని ఆయన ఒకేసారి నాలుగు ఫుల్ బాటిళ్లు తెచ్చి బట్టల బీరువా పైన పెట్టారు. ‘బయట తాగి బండి నడిపే కన్నా ఇదే నయం’ అని ఈమే అన్నారు. పల్లీలు వేయించి పక్కన పెట్టింది కూడా ఈమే.

మొదట్లో ఒక ఫుల్ పది రోజులొచ్చేది. 2021 మేలో, రెండో వేవ్‌లో, ఆయన అన్నగారు ఖమ్మంలో కోవిడ్‌తో పోయారు. అప్పటి నుంచి తాగడం రోజూ అయింది. ఇప్పుడు వారానికి రెండు ఫుల్ బాటిళ్లు ఖాళీ అవుతున్నాయి. పాత సామాన్లు కొనే అతను సీసాలు చూసి నవ్వాడని, ఆ తర్వాత ఆయనే వాటిని కారు డిక్కీలో వేసుకెళ్లి ఎక్కడో పడేసి వస్తున్నారని రాశారు. అరవరు, కొట్టరు, జీతం మొత్తం ఇంటికే ఇస్తారు. లాప్‌టాప్ మూయగానే గ్లాసు తీస్తారు, తొమ్మిదిన్నరకి సోఫాలోనే నిద్రపోతారు. పదకొండేళ్ల కొడుకు ఫ్రిజ్‌లోంచి ఐస్ తెచ్చిస్తాడు.

‘మగవాడు, సంపాదిస్తున్నాడు, ఇంట్లోనే తాగుతున్నాడు కదా, ఇంకేంటి?’ అంటారట అత్తగారు. ‘లాక్‌డౌన్‌లో ఆగలేదా? మాల వేసుకున్నప్పుడు 41 రోజులు ఆగలేదా? తాగుబోతుని నువ్వు ఎప్పుడూ చూడలేదు’ అంటారట ఆయన. స్కూల్లో ఒక టీచరు, అన్నంలో కలిపితే తాగుడు మాన్పించే పొడి ఉందని చెప్పారట. ఉత్తరం చివర రెండు ప్రశ్నలు అడిగారు: ‘నేను ఉన్నదాన్ని లేనిదాన్ని పెద్దది చేస్తున్నానా? ఇదంతా నా పల్లీలతోనే మొదలైందా?’

అమ్మా,

మీ రెండు ప్రశ్నలకన్నా ముందు తొందరగా చెప్పాల్సింది ఒకటుంది. ఐదో పేజీలో, అత్తగారి మాటలకీ పిల్లాడి పరీక్షలకీ మధ్య, ఒక సంగతి ఇరికించి రాశారు. పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతోందని. కిందటి నెల మీ ఇద్దరికీ గొడవై రెండు రోజులు తాగకపోతే రాత్రంతా చెమటలు పట్టి మంచం మీద కూర్చున్నారని. మూడో రోజు ‘నిద్ర కోసం’ మళ్లీ మొదలుపెట్టారని. షుగరేమో అనుకుంటున్నామన్నారు. కావచ్చు, టెస్టు చేయించండి. కానీ రోజూ తాగే మనిషికి ఒంట్లోంచి ఆల్కహాల్ దిగిపోతున్నప్పుడు వచ్చే వణుకు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆఖరి గుక్క తర్వాత ఆరేడు గంటలకే మొదలవుతుంది. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. కొందరికి రెండు మూడు రోజులయ్యాక మతి తప్పినట్టవుతుంది, లేని మనుషులు కనిపిస్తారు, ఎక్కడున్నారో తెలియదు. అది ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి.

అందుకే ‘రేపటి నుంచి చుక్క ముట్టనని పిల్లల మీద ఒట్టు పెట్టించుకోవాలనుకుంటున్నా’ అన్నారే, ఆ ఆలోచనను డాక్టరును కలిసేదాకా పక్కన పెట్టండి. సీసాలు సింకులో పారబోయడం కూడా వద్దు. మానేయడం మంచిదే. ఒక్కసారిగా, ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా మానేయడమే ప్రమాదం.

ఇప్పుడు ఆయన వాదన చూద్దాం. లాక్‌డౌన్‌లో నెలన్నర ఆగానంటున్నారు. నిజమే, ఆయన అబద్ధం చెప్పట్లేదు. 2020 మార్చిలో ఆయన నెలకు రెండుసార్లు తాగే మనిషి, కాబట్టి ఆగగలిగారు. అదే మార్చి ఆఖరి రోజుల్లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు, మీకు గుర్తుండే ఉంటుంది. రోజూ మందుకో కల్తీ కల్లుకో అలవాటుపడి, అది ఉన్నట్టుండి దొరక్క, వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో వచ్చినవాళ్లు. ఆ రోజు మీ ఆయన ఆ వరుసలో లేరు. ఈ రోజు షాపులు మూసేస్తే ఉంటారేమోనని నా భయం. అయ్యప్ప మాల సంగతీ అంతే. ఆయన ఆఖరిసారి మాల వేసుకున్నది 2018లో అని మీరే రాశారు. పాత రక్తపరీక్ష కాగితం చూపించి ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాననడం లాంటిది ఇది. ఈ మాట ఆయనతో అనండి, ఇంజినీరు కదా, కోపం వచ్చినా అర్థమవుతుంది.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఆయన ‘రెండు పెగ్గులే’ అంటున్నారన్నారు. ఇంట్లో పోసుకునే పెగ్గుకి కొలత ఎక్కడుంది? బార్‌లో 30 మి.లీ., 60 మి.లీ. అని కొలిచి పోస్తారు, ఇంట్లో చెయ్యి ఎంత వంగితే అంత. సీసాల లెక్కే నమ్మండి. వారానికి రెండు ఫుల్స్ అంటే 1500 మి.లీ., రోజుకి 210 మి.లీ. పైమాటే. క్వార్టర్ దాటిపోయింది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. ఈ లెక్కన రోజుకి దాదాపు 70 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతోంది. మగవాళ్లలో రోజుకి 60 గ్రాములు దాటినవాళ్లని ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ల కింద ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కేస్తుంది. మొదట్లో పది రోజులకి ఒక ఫుల్ అన్నప్పుడు ఇది పాతిక గ్రాములు. గొంతు పెరగలేదు, గొడవ పెరగలేదు, సోఫా మారలేదు. మోతాదు మాత్రం మూడింతలకు దగ్గరైంది. మీరు ఉన్నదాన్ని లేనిదాన్ని పెద్దది చేయట్లేదు.

ఇంట్లో తాగితే నయం అని మీరెందుకన్నారో నాకు అర్థమైంది. ఆ మే నెలలో నూటికి తొంభై మంది అదే అనేవాళ్లు. మా బాల్కనీలోంచి చూస్తే ఎదురు వైన్ షాపు ముందు సుద్దతో గుండ్రాలు గీసి, ఎండలో టవళ్లు కప్పుకుని నిలబడ్డ మనుషులు. అక్కడికి పోకుండా ఇంట్లో ఉంటే చాలనిపించింది అందరికీ. అప్పుడు ఎవరికీ తట్టనిది ఒకటుంది. బయట తాగేటప్పుడు చుట్టూ చాలా బ్రేకులుంటాయి. బిల్లు కళ్ల ముందు పెరుగుతుంటుంది. దారిలో పోలీసులు ఊదమంటారేమోనని భయం. పక్కవాడు ‘ఇక లేద్దాం రా’ అంటాడు. పదిన్నరకి మీ ఫోన్ వస్తుంది. ఇంట్లో ఇవేవీ లేవు. సీసా చేతికి అందేంత దూరంలో ఉంది, మంచం పది అడుగుల్లో ఉంది.

ఇంకొకటి. మాదాపూర్ నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో ఇంటికి రావడాన్ని ఎన్ని తిట్టుకునేవాళ్లం! ఆఫీసు మనిషి ఇంటి మనిషిగా మారేది ఆ గంటన్నరలోనే. ఇంటి నుంచి పని మొదలయ్యాక లాప్‌టాప్ మూత వేయగానే ఎదురుగా పిల్లల హోంవర్కు, అమ్మ మందుల చీటీ. మధ్యలో గడప లేదు. చాలామంది ఆ గడపగా గ్లాసుని పెట్టుకున్నారు. మీ ఆయనకి ఏడు గంటలకి కావాల్సింది మొదట్లో విస్కీ కాకపోవచ్చు, ‘ఇవాళ్టికి పని అయిపోయింది’ అని ఒంటికి చెప్పే గుర్తు కావచ్చు. ఐదేళ్లు పైగా ఆ గుర్తు ఒకటే అయ్యేసరికి ఒళ్లు ఇప్పుడు దాన్నే అడుగుతోంది.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. బ్రిటన్‌లో పబ్బులు మూసేసినప్పుడు తక్కువ తాగేవాళ్లు ఇంకా తగ్గించారు, ఎక్కువ తాగేవాళ్లు ఇంకా పెంచారు. అక్కడ కేవలం మద్యం వల్ల వచ్చే జబ్బులతో 2019లో 7,565 మంది చనిపోతే 2020లో 8,974 మంది పోయారు. అమెరికాలో మద్యంతో ముడిపడిన మరణాలు అదే ఏడాదిలో 79 వేల నుంచి 99 వేలకు పెరిగాయి. మన దగ్గర, 2020 జూలై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా ఒకే దెబ్బ కొట్టినా మనుషులు తలా ఒక దిక్కున పడ్డారు. కొందరు నిజంగానే మానేసి అటు మళ్లీ చూడలేదు. మీ ఆయన అలా మానేసి ఉండాల్సిన మనిషి. మరి ఎక్కడ మలుపు తిరిగింది?

మీ ఉత్తరంలో పెగ్గుల గురించి నాలుగు పేజీలున్నాయి. మీ బావగారు పోయిన రోజు గురించి రెండే వాక్యాలున్నాయి. ‘బావగారు పోయారు. ఆయన ఖమ్మం వెళ్లలేకపోయారు, అప్పుడు ఆయనకీ పాజిటివే.’ ఆ తర్వాత మళ్లీ సీసాల లెక్క. నేను ఈ రెండు వాక్యాల దగ్గరే చాలాసేపు ఆగాను. అన్న పాడె మొయ్యలేదు. చివరి చూపు లేదు. దినాలకి నలుగురైదుగురు, అదీ వీడియో కాల్‌లో చూశారన్నారు. పది మంది చేరి, ఏడ్చి, పోయినవాడి గురించి మాట్లాడుకుని, కడుపులో ఉన్నది దిగేలా మన పెద్దలు పెట్టిన పదకొండు రోజులు ఆయనకి దక్కలేదు. ఆ తర్వాత ఖమ్మంలో ఆ ఇంటికి ఆయన ఒక్కసారీ వెళ్లలేదని, ‘సెలవు దొరకట్లేదు’ అంటారని రాశారు. ఐదేళ్లలో ఒక్క సెలవూ దొరకలేదా?

అలాగని దుఃఖం తీరితే తాగుడు పోతుందని నేను అనను. మొదలైన కారణం వేరు, ఇప్పుడు నడుస్తున్న కారణం వేరు. వణుకు మొదలయ్యాక ఒళ్లే ఒక కారణం అయిపోతుంది. రెండింటికీ వేర్వేరుగా చూడాలి, మొదట ఒంటికి.

మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం.

డాక్టరు దగ్గరకు వెళ్లడం మొదటిది. తాగుడు పేరు చెప్తే ఆయన రారు. షుగర్ అనుమానం ఎలాగూ ఉంది, ఆ టెస్టుకి రండంటే వస్తారు. అది అబద్ధం కాదు. రక్తంలో షుగర్‌తో పాటు లివర్ పరీక్ష కూడా రాయమనండి. డాక్టరు ఎదుట మాత్రం ‘అప్పుడప్పుడు తాగుతారు’ అని దాచొద్దు. వారానికి రెండు ఫుల్స్, పొద్దున వణుకు, రెండు రోజులు ఆపితే చెమటలు, ఈ మూడూ చెప్పండి. అవసరమైతే ఆ డాక్టరే సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మాత్రలిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి, మెల్లగా దింపుతారు. కొందరికి ఇంటి దగ్గరే సరిపోతుంది, కొందరు ఆసుపత్రిలో ఉండాలి. తర్వాత తాగాలన్న యావ తగ్గించే మాత్రలున్నాయి. మన భాషలో జబ్బు చేసేదాన్నీ జబ్బు తగ్గించేదాన్నీ మందు అనే అంటాం, ఈ రెండో రకం మందు ఉందని చాలామందికి తెలియదు. ఆఫీసులో తెలుస్తుందని ఆయన భయపడొచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తోంది. ఎవరి ఎదురుగా కూర్చోనంటే, టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆయన చేయకపోతే ముందు మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగండి. వ్యసనాల కోసమే ఉన్న 14446 కూడా ఉంది.

ఆయన ‘మానను, తగ్గిస్తాను’ అనొచ్చు. చాలామంది మొదట ఇదే అంటారు. వణుకు లేని మనిషైతే నేనూ సరేననేదాన్ని. కొలత గ్లాసు, వారంలో మూడు రోజులు ఖాళీ, ఇంట్లో స్టాకు లేకుండా కావాలంటే వెళ్లి తెచ్చుకోవడం, ఇవి పనిచేస్తాయి. ఒళ్లు ఇప్పటికే అలవాటుపడ్డాక ఇదే మాట మూడు వారాలు నిలబడి నాలుగో వారం జారిపోవడం ఎక్కువ. అయినా ఆయన దీనికే ఒప్పుకుంటే కాదనకండి. గడువు పెట్టండి: డాక్టరు చెప్పిన మోతాదులో రెండు నెలలు, నిలబడకపోతే పూర్తిగా మానే చికిత్స. ఆ ఒప్పందం తన నోటితో తనే చెప్పాలి.

అత్తగారు మాల వేయించమన్నారట. నేను నవ్వి తీసేయను. నియమం, నల్ల బట్టలు, తెల్లవారుజామున చన్నీళ్లు, ‘స్వామీ’ అని పిలిచే నలుగురు, సాయంత్రం భజన, ఇంట్లో పోయిన బ్రేకులన్నీ దీక్షలో ఉంటాయి. ఏడు గంటలకి చేయడానికి ఇంకో పని దొరుకుతుంది. కానీ ఇప్పుడున్న స్థితిలో నేరుగా మాల వేసుకుంటే రెండో రోజుకే పీఠం ముందు ఫిట్స్ రావచ్చు. డాక్టరు చేత దింపించుకున్నాక, అప్పుడు వేసుకోమనండి. మాల తీసిన రోజు సాయంత్రం ఏం చేస్తారో కూడా ముందే అనుకోవాలి. చాలా ఇళ్లలో ఆ సాయంత్రమే సీసా మూత తీస్తారు.

పొడి మాత్రం వద్దు. ఇక్కడ నేను రెండు వైపులా చూడను. అలాంటి పొడుల్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. కొన్నింట్లో, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, అది ఒంట్లో ఉందని తెలియని మనిషి తాగినప్పుడు గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం పోవడం కూడా జరగొచ్చు. డాక్టర్లు ఆ మందుని మనిషికి చెప్పి, ఒప్పించి, ఇంట్లోవాళ్ల ఎదుట వేసుకునేలా ఇస్తారు. పైగా ఏదో ఒక రోజు ఆయనకి తెలుస్తుంది. ఆ తర్వాత మీరు వడ్డించిన ఏ ముద్దా ఆయన నిశ్చింతగా తినరు.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. చాలామంది ఇందులోనే ఉంటారు, కాబట్టి చెప్తున్నాను. గొడవ ఉండదు. అత్తగారితో మాట పట్టింపు ఉండదు. వణుకు పొద్దున్నుంచి మధ్యాహ్నానికి పాకి, దాన్ని ఆపడానికి పొద్దున్నే ఒక గుక్క మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టట్లేదన్నారు కదా, అది మందు తెచ్చే నిద్ర స్వభావమే, ముందు ముంచేస్తుంది, తర్వాత లేపేస్తుంది. మొన్న మేనేజర్ ఫోన్ చేస్తే ‘ఆయనకి జ్వరం’ అని మీరు చెప్పారు. అలాంటి జ్వరాలు నెలకు నాలుగవుతాయి. లివర్ చివరిదాకా నొప్పి లేకుండానే పాడవుతుంది. ఈ దారిలో ఖర్చు ఆలస్యంగా వస్తుంది, అంతే.

మాట్లాడటం గురించి. గ్లాసు చేతిలో ఉండగా వద్దు. శనివారం పొద్దున, అత్తగారు గుడికెళ్లినప్పుడు. ‘తాగుబోతు’ అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి, వస్తే మిగతా గంటంతా ఆ మాట మీదే వాదన. ‘ఏమండీ, పొద్దున మీ చెయ్యి చూస్తే నాకు భయమేస్తోంది. ఇద్దరం వెళ్లి చూపించుకుందాం, టైం నేను తీసుకుంటాను’ అంటే చాలు. ఒకసారికి ఒప్పుకోకపోతే వాదించకుండా వారం ఆగి మళ్లీ అడగండి. మీ తోటికోడలు ఖమ్మంలోనే ఉన్నారు కదా, బావగారి సంవత్సరీకానికి అందరూ ఒకచోట చేరదామని ఆమె చేత ఆయనకి ఫోన్ చేయించండి. మీరు చెప్తే సెలవు దొరకదు, వదిన పిలిస్తే దొరకొచ్చు.

మీ వరకు మీరు ఇవాళే మార్చగలిగినవి ఉన్నాయి. మేనేజర్‌కి అబద్ధం చెప్పొద్దు, ఫోన్ ఆయనకే ఇవ్వండి. పిల్లాడి చేత ఐస్ తెప్పించడం ఆపండి, దీనికి ఆయన కూడా అడ్డు చెప్పరనుకుంటా. బాబు థమ్స్ అప్ గ్లాసు పైకెత్తి చెల్లితో ‘ఛీర్స్’ అన్నాడని రాసి, పక్కనే ‘అందరం నవ్వాం’ అని కూడా రాశారు. ఆ నవ్వు తర్వాత మీరు వంటింట్లోకి వెళ్లి కూర్చున్నారన్నది ఆయనకి చెప్పారా? చెప్పండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లు కలుసుకుని మాట్లాడుకునే అల్-అనాన్ బృందాలు కూడా ఉన్నాయి. ఆయన ఏం చేసినా చేయకపోయినా మీరు వెళ్లొచ్చు.

ఇక పల్లీలు. 2020 మేలో మీకు తెలిసినదాన్ని బట్టి, రోడ్డు మీద ఆయన ప్రాణం పోకూడదని ఒక ఏర్పాటు చేశారు. అప్పటికది తప్పు కాదు. ఆ ఏర్పాటుకి గడువు దాటి చాలా కాలమైంది. ఇక నుంచి పల్లీలు పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకి వేయించండి.

శనివారం దాకా ఆగమన్నది మాటల గురించే. ఈలోపు ఫిట్స్ వచ్చినా, మాట పొంతన తప్పినా, లేనివి కనిపిస్తున్నాయన్నా 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకి ఆఖరిసారి ఎప్పుడు తాగారో, రోజుకి ఎంత తాగుతారో చెప్పండి. అత్తగారు పక్కనే ఉన్నా సరే, దాచకుండా చెప్పండి.